కోల్‌కతా ఖరీదైన ఫ్లాట్లు: సంతకం ఒకరిది, మకాం మరొకరిది

చికిత్స కోసమని చెప్పి 2024 మే 12న కోల్‌కతా వచ్చిన బంగ్లాదేశ్ ఎంపీ అన్వరుల్ అజీమ్ అనార్, మరుసటి రోజు న్యూటౌన్‌లోని సంజీవా గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలోని ఒక ఫ్లాట్‌కు వెళ్లారు. ప్రాణాలతో బయటకు రాలేదు. ఆయన హత్యకు గురయ్యారన్న సంగతి మే 22న వెలుగులోకి వచ్చింది. ఆ ఫ్లాట్ యజమాని ఎక్సైజ్ శాఖ ఉద్యోగి. అద్దెకు తీసుకున్నది బంగ్లాదేశ్ మూలాలున్న అమెరికా పౌరుడు. హత్య వెనుక ఉన్నది అతడేనని దర్యాప్తు అధికారులు చెప్పారు. గేటు, సెక్యూరిటీ గార్డు, సీసీ కెమెరాలు... అద్దె ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేవన్నీ అక్కడున్నాయి. కెమెరాలు వచ్చిపోయేవారిని రికార్డు చేశాయి, అంతే.

దీనికి మూడేళ్ల ముందు, 2021 జూన్ 9న, అదే న్యూటౌన్‌లోని సుఖోబృష్టి సముదాయంలో కాల్పులు జరిగాయి. పంజాబ్‌లో ఇద్దరు ఏఎస్ఐల హత్య కేసులో వెతుకుతున్న జైపాల్ సింగ్ భుల్లర్, అతని సహచరుడు జస్‌ప్రీత్ సింగ్ బెంగాల్ ఎస్టీఎఫ్ చేతిలో చనిపోయారు. సుఖోబృష్టి విలాసవంతమైనదేమీ కాదు, మధ్యతరగతి వాళ్లుండే చోటు. అయినా కథ ఒకటే. ఫ్లాట్ తీసుకున్న పేరు ఒకటి, లోపల ఉన్న మనుషులు వేరు.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వచ్చే స్పందన కూడా ఒకటే: అద్దెదారుల వివరాలు పోలీసులకు ఇవ్వాలి. ఇవ్వాల్సిందే. విదేశీయుడికి బస ఇస్తే 24 గంటల్లో ‘ఫారం సి’ ద్వారా తెలపాలన్న నిబంధన పాతదే. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చాక కూడా బస ఇచ్చేవారి మీద ఆ బాధ్యత ఉంది. కానీ పై రెండు కేసుల్లోనూ ఇల్లు దొరకడానికి కాగితాలు అడ్డు కాలేదు. ఆధార్ కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం వల్ల సంతకం చేసినవాడు ఎవరో తెలుస్తుంది. రాత్రి ఆ ఇంట్లో పడుకునేది ఎవరో తెలియదు. స్వల్పకాలిక అద్దె వ్యాపారంలో అసలు చిక్కు ఇదే.

హోటల్ అయితే రిజిస్టర్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు. మామూలు అద్దె ఇల్లయితే ఇరుగుపొరుగు ఉంటారు, నెలనెలా అద్దెకు వచ్చే యజమాని ఉంటాడు. రెండు వారాలకో మూడు నెలలకో ఇచ్చే ఫర్నిష్డ్ ఫ్లాట్‌కు ఈ రెండూ ఉండవు. యజమాని బెంగళూరులోనో దుబాయ్‌లోనో ఉంటాడు. తాళం కేర్‌టేకర్ దగ్గర, మాటలు బ్రోకర్‌తో వాట్సాప్‌లో. బుకింగ్ సైట్ల భాషలో అద్దె కట్టేవాడు ‘అతిథి’. తెలుగులోనూ బెంగాలీలోనూ అదే మాట కాబట్టి ఇబ్బంది లేదు గానీ, చట్టం దృష్టిలో అతను అతిథా, అద్దెదారా అన్నది మాత్రం తేలదు.

అది తేలకపోతే నష్టపోయేది అద్దె కట్టేవాడే. 1997 నాటి పశ్చిమ బెంగాల్ ప్రెమిసెస్ టెనెన్సీ చట్టం కోల్‌కతా, హౌరా కార్పొరేషన్ల పరిధిలో నెలకు 6,500 రూపాయలు దాటిన నివాస అద్దెలకు వర్తించదు. మిగతా చోట్ల ఆ పరిమితి 3,000. అంటే ఉత్తర కోల్‌కతాలో శిథిలమైన పాత ఇంట్లో కొద్దిపాటి అద్దెకు ఉండే కుటుంబానికి ఉన్న రక్షణ, న్యూటౌన్‌లో దానికి ఎన్నో రెట్లు అద్దె కట్టే ఇంజినీరుకు లేదు. అతనికి మిగిలేది ఆస్తి బదిలీ చట్టం, తాను చదవకుండా సంతకం పెట్టిన ఒప్పందం. నెలవారీ అద్దె అయితే, ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడు, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. కాగితం మీద ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని రాసి ఉంటే ఆ హక్కు ఇంకా పలచబడుతుంది. పేరు కాదు, వాస్తవంగా ఇంటి స్వాధీనం ఎవరిదో చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే, ఆర్.ఎన్. కపూర్ కేసులో, చెప్పింది. మూడు నెలల అద్దె కోసం ఆ వాదన కోర్టుకెళ్లి ఎవరు వినిపిస్తారు?

పన్నుల శాఖకు మాత్రం ఏ అయోమయమూ లేదు. 2022 జులై 18 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ఉద్యోగుల కోసం ఇల్లు అద్దెకు తీసుకుంటే 18 శాతం పన్ను ఆ సంస్థే కట్టాలి.

నేరం జరిగాక పెరిగే తనిఖీల బరువు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. తూర్పు మెట్రోపాలిటన్ బైపాస్ వెంట, ముకుందపూర్ చుట్టూ, ఆసుపత్రులను నమ్ముకుని గెస్ట్‌హౌస్‌లు, రోజువారీ అద్దె గదులు పుట్టుకొచ్చాయి. వాటికి ప్రధాన ఆధారం బంగ్లాదేశ్ రోగులు. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలాక వీసాలు తగ్గి ఆ గదులు ఖాళీ పడ్డాయి. వచ్చే కొద్దిమందీ పాస్‌పోర్టు, వీసా, డాక్టరు చీటీ అన్నీ చూపిస్తారు. అయినా అనుమానం వాళ్ల మీదే. ముస్లిం పేరున్నవాళ్లు, ఒంటరి మహిళలు, పెళ్లికాని కుర్రాళ్లు అదే క్యూలో ఉంటారు. డబ్బున్న నేరస్థుడికి మరొకరి పేరు మీద ఫ్లాట్ దొరుకుతుంది. డయాలసిస్‌కు వచ్చిన మనిషికి తన సొంత పేరుతో గది దొరకదు.

అందుకే తనిఖీ మనిషి దగ్గర కాకుండా ఇంటి దగ్గర మొదలవ్వాలన్నది నా అభిప్రాయం. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి అమలు చేస్తున్నది దాదాపు ఇదే. 30 రోజుల లోపు అద్దెకిచ్చే ఇంటిని నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేయించాలి, యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి. బార్సిలోనా ఇంకా ముందుకెళ్లి 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని ప్రకటించింది. అక్కడి సమస్య స్థానికులకు ఇళ్లు దొరక్కపోవడం. కోల్‌కతాకు అంత కఠినత్వం అక్కర్లేదు. ఫ్లాట్‌కు ఒక నంబరు, ఆ నంబరు లేకుండా బుకింగ్ సైట్‌లో ప్రకటన కుదరదన్న నియమం, యజమాని ఊళ్లో లేకపోతే బాధ్యుడిగా ఒక స్థానికుడి పేరు. ఇవి ఉంటే పోలీసులు ముందు అడగాల్సింది ఎవరినో తెలుస్తుంది.

మన దగ్గర పరిస్థితి దీనికి భిన్నంగా ఏమీ లేదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టాన్ని అనుసరించి నిబంధనలు మార్చుకున్న కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణ ఇంకా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంతోనే నెట్టుకొస్తోంది. అయితే ఆ నమూనా చట్టమే హోటళ్లను, లాడ్జీలను తన పరిధిలోంచి తప్పించింది. విశాఖ రుషికొండలో సముద్రం కనిపించే ఫ్లాట్‌ను, గచ్చిబౌలిలో సర్వీస్ అపార్ట్‌మెంట్‌ను వారానికి అద్దెకిస్తే అది ఇల్లా, లాడ్జా అన్న ప్రశ్నకు అక్కడా నేరుగా సమాధానం దొరకదు. ప్రాజెక్టు పని మీద న్యూటౌన్‌కో సెక్టార్ ఫైవ్‌కో వెళ్లే తెలుగువాళ్లు అడ్వాన్స్ పంపే ముందు బ్రోకర్‌ను మూడు విషయాలు అడగాలి. యజమాని పేరు మీద ఉన్న తాజా ఆస్తిపన్ను రసీదు చూపిస్తారా? స్వల్పకాలిక అద్దెకు అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకుందా? ఒప్పందంలో ఆ ఇంట్లో ఉండబోయే అందరి పేర్లూ రాస్తారా? మూడోదానికి ‘అవసరం లేదండీ’ అంటే మరో ఫ్లాట్ చూసుకోవడం మంచిది.