మూసీలో మందు, మూత్రంలో మంట

హైదరాబాద్‌లో మెట్టుగూడ నుంచి తార్నాక దాకా రోడ్డు పొడవునా మందుల దుకాణాలు కనిపిస్తాయి. గొంతు తగ్గించి ‘మూత్రంలో మంట’ అంటే చాలు, చాలాచోట్ల చీటీ అడగకుండానే యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. రెండు రోజులకు మంట తగ్గుతుంది. మిగిలిన మాత్రలు అలమరలోకి చేరతాయి. నెల తిరక్కుండా మంట మళ్లీ మొదలవుతుంది. ఈసారి యూరిన్ కల్చర్ చేయిస్తే రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ‘ఆర్’ అనే అక్షరం పడుతుంది. ఆ మందు ఇక ఆ బాక్టీరియా మీద పనిచేయదని దాని అర్థం.

ఈ మంటకు కారణమైన మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో అధికభాగం మన పేగుల్లో ఉండే ఈ-కోలి వల్లే వస్తాయి. సిప్రో ఆ బాక్టీరియాలోని గైరేజ్ అనే ఎంజైమును పట్టి ఆపుతుంది. ఆ ఎంజైము రూపు కాస్త మారిన బాక్టీరియా మాత్రం చావదు, మందు పడిన ప్రతిసారీ దాని సంతానమే మిగులుతుంది. కొన్ని నిరోధక జన్యువులైతే ఒక జాతి బాక్టీరియా నుంచి ఇంకో జాతికి పాకుతాయి. వాటిలో ప్రపంచాన్ని హడలెత్తించిన ఎన్‌డీఎం-1 జన్యువు తొలుత 2008లో దొరికింది, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్లిన ఒక రోగి మూత్రంలోనే.

అలాగని తప్పంతా రోగి మీదా, దుకాణదారు మీదా వేయడం మాకు సమ్మతం కాదు. పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లోనే ప్రకటించారు. మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు! తర్వాత ఆ వ్యర్థజలాలను పైపులైనులో అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు. అది మూసీ ఒడ్డున, ఉస్మానియా క్యాంపస్‌కు దగ్గర్లోనే ఉంది. దీన్ని శుద్ధి అనరు, రవాణా అంటారు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఔషధ పరిశ్రమల వ్యర్థాల్లో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక లేదు. దాన్ని తిరిగి చేర్చాల్సిందే. అప్పటిదాకా తెలంగాణ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కేంద్ర ప్రమాణాల కన్నా కఠినమైనవి విధించే అధికారం 1986 నాటి పర్యావరణ నిబంధనలే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చాయి. పరిశ్రమ గేటు దగ్గరా, అంబర్‌పేట దగ్గరా నెలనెలా నీటిని పరీక్షించి ఫలితాలు జనం ముందు పెట్టాలి. శాస్త్రవేత్తలు లేరనే సాకు చెల్లదు. పరిశోధన సంస్థలు ఐఐసీటీ, సీసీఎంబీ రెండూ నగరంలోని ఉప్పల్ రోడ్డు మీదే ఉన్నాయి.

దుకాణాల సంగతి మరీ కొత్తదేం కాదు. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలన్న నిబంధన 2014 మార్చి నుంచే ఉంది. చీటీ లేని అమ్మకాలపై కేరళ 2024లో తనిఖీలు మొదలుపెట్టింది. మన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లూ ఆ రిజిస్టర్లు తెరిపించాలి. ప్రతి బస్తీ దవాఖానాలో కల్చర్‌కు నమూనా తీసుకోవాలి.

పాఠకులకూ ఒక మాట. మంట మొదలైతే మొదటి మాత్రకు ముందే నమూనా ఇవ్వండి. చలిజ్వరం, నడుము నొప్పి తోడైనా, గర్భిణి అయినా దుకాణం వైపు వెళ్లకండి, అదే రోజు డాక్టరును కలవండి.