లారీల ఊరికి చార్జింగు రేవు

హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములలో షాపింగు మాలు క్రింది అంతస్తున విద్యుత్తు కార్లకు శీఘ్రముగా చార్జింగు చేసెడి యంత్రమును నెలకొల్పుట నేడు పరిపాటి యగుచున్నది. ప్రారంభోత్సవము నాడు పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరింతురు. మరునాడు పత్రికలో ఛాయాచిత్రము పడును. పొగ విడువని బండి, పరదేశపు చమురునకు చేయి చాపని బండి వచ్చుచున్నదన్న వార్త సంతోషింపదగినదే. అయినను దానితో పాటు ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. ఈ యంత్రము ఎచట నిలువవలెను? ఎవరి బండికొరకు నిలువవలెను?

బండి ఆగిన చోట పేట పుట్టునన్నది మన బాటల చరిత్ర. ఎడ్ల బండ్లు విప్పిన చింతతోపులో సత్రము వెలసినది. లారీలు నిలిచిన పెట్రోలు బంకు ప్రక్కన టీ దుకాణము, పంచరు కొట్టు, భోజనశాల వెలసినవి. చార్జింగు కేంద్రము కూడ అట్టి మజిలీయే. దానికి చోటు నిర్ణయించుట యనగా రేపటి పేటకు చోటు నిర్ణయించుటయే.

ఇది షాపింగు మాలునకే మొదట ఏల వచ్చినదో తెలియుటకు కొంత లెక్క కావలెను. హైస్కూలు విద్యార్థికి అది కష్టమైనది కాదు. మన యింటి మీటరు చూపెడి యూనిట్టు ఒక కిలోవాటు చొప్పున ఒక గంట వాడిన విద్యుత్తు. సామాన్యమైన కారు బ్యాటరీలో సుమారు 40 యూనిట్లు పట్టునందము. ఇంటి గోడకున్న ప్లగ్గునుండి గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కించినచో పదమూడు గంటలు పట్టును. అనగా రాత్రి తగిలించి తెల్లవారిన తరువాత తీయవలెను. శీఘ్ర చార్జింగు యంత్రము 60 కిలోవాట్లదైనచో ఆ పని ముప్పావు గంటకు దిగును. ఇంటికి వచ్చెడి విద్యుత్తు ఏకాంతర ప్రవాహము. బ్యాటరీ కోరునది ఏకముఖ ప్రవాహము. ఇంటివద్ద ఈ మార్పును కారులోని చిన్న పరికరము నెమ్మదిగా చేయును. శీఘ్ర కేంద్రమున వెలుపలి పెద్ద యంత్రమే ఆ మార్పు చేసి బ్యాటరీకి నేరుగా అందించును. వేగమునకు కారణమిదియే. బ్యాటరీ ఎనుబది పాళ్లు నిండిన తరువాత మాత్రము వేగము తగ్గును. ఖాళీ బస్సులో మొదట ఎక్కినవారికి సీటు వెంటనే దొరకును. చివర ఎక్కినవాడు వెదకుకొనవలెను. బ్యాటరీ లోపల లిథియము కణముల గతియు అట్టిదే.

ముప్పావు గంట సేపు మనిషి ఏమి చేయును? బట్టలు కొనును, సినిమా టిక్కెట్టు తీయును, పిల్లలకు ఫలహారము పెట్టించును. కావుననే వర్తకుడు యంత్రమును తన గుమ్మమువద్ద పెట్టుకొనుచున్నాడు. దీనిని తప్పుపట్ట నక్కరలేదు; పెట్టుబడి పెట్టినవాడు లాభము చూచుకొనును. గాని ఖర్చుపెట్టుటకై కాలక్షేపము చేసెడి వారి బండ్లు మన రోడ్లపై కొన్ని మాత్రమే. కాలమే కూలియైన వారి బండ్లు వేరు కలవు. వానికి నిలయమైన ఊళ్లలో సాలూరు ఒకటి.

వేగవతీ తీరమున, తూర్పు కనుమల పాదమున నున్న సాలూరు 2022 ఏప్రిలునుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. విజయనగరమునుండి వచ్చెడి బాట ఇచట మైదానమును విడిచి సుంకి ఘాటు మీదుగా కొరాపుట్టు, జయపురములకు ఎక్కును. ఎడ్ల బండ్ల కాలమునుండియు ఇది తీరమునకును కొండ దేశమునకును నడుమనున్న వాకిలి. మోటారు యుగమున ఆ వాకిలియే లారీల ఊరైనది. రాష్ట్రమున విజయవాడ తరువాత లారీలకు సాలూరే యని చెప్పుకొనుట వాడుక. లారీ యజమాని, డ్రైవరు, క్లీనరు మాత్రమే కాదు. బాడీ కట్టు వడ్రంగి, కమ్మరి, రంగులు వేయువాడు, టైర్ల పనివాడు, స్ప్రింగుల పనివాడు, మెకానికు, వీరందరి పొయ్యిలు లారీ చక్రముతోనే ముడిపడి యున్నవి. డీసెలు ధర పెరిగినపుడు పట్టణమంతయు ఆ సెగ నెరుగును.

విద్యుత్తు లారీ ఈ ఊరికి పనికి వచ్చునా యనుట ఊహాగానము కాదు. కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వ శాఖ 2022 జనవరిలో వెలువరించిన మార్గదర్శకములలో జాతీయ రహదారులపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగు కేంద్రము, లారీలు బస్సుల వంటి భారీ వాహనములకు ప్రతి 100 కిలోమీటర్లకు ఒక శీఘ్ర కేంద్రము ఉండవలెనని చెప్పబడినది. విశాఖనుండి సాలూరు సుమారు 110 కిలోమీటర్లు. ఘాటు ఎక్కుటకు ముందు డ్రైవరు బ్రేకులు, టైర్లు చూచుకొని, టీ త్రాగి సేదదీరు చోటు కూడ నిదియే. ప్రభుత్వపు కొలబద్దయు, బాటసారి అవసరమును ఒకే చోట కలిసినవి. రాయపూరు విశాఖపట్టణముల నడుమ నిర్మాణమగుచున్న క్రొత్త ఆరు వరుసల రహదారియు సాలూరు ప్రాంతము మీదుగనే పోవును.

ఘాటు లెక్కయు వేసి చూతము. కొరాపుట్టు సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున కలదు. సాలూరు దానికి ఏడు వందల మీటర్లకు పైగా దిగువ. ముప్పది టన్నుల లారీని 700 మీటర్ల ఎత్తునకు లేపుటకు భౌతికశాస్త్ర సూత్రము ప్రకారము 57 యూనిట్ల శక్తి కావలెను. చక్రముల రాపిడి, గాలి ఒత్తిడి అదనము. దిగునపుడు డీసెలు లారీ ఆ శక్తినంతయు బ్రేకులలో వేడిగా కాల్చివేయును. విద్యుత్తు లారీ అట్లు కాదు. దిగునపుడు దాని మోటారే డైనమోగా మారి, బండిని నిదానించుచు, శక్తిలో కొంత భాగమును తిరిగి బ్యాటరీలో జమకట్టును. స్విట్జర్లండులో బీల్ పట్టణమునకు సమీపముననున్న సిమెంటు గనిలో 2018 ప్రాంతమున ఒక పెద్ద విద్యుత్తు డంపరును ప్రవేశపెట్టిరి. అది ఖాళీగా కొండనెక్కి బరువుతో దిగును. దిగుటలో సంపాదించినది ఎక్కుటకు చాలభాగము సరిపోవును. అంత దూరము పోనక్కరలేదు. తిరుమల ఘాటుపై 2022 సెప్టెంబరునుండి మన ఆర్టీసీ విద్యుత్తు బస్సులు యాత్రికులను మోయుచున్నవి. కొండ బాట విద్యుత్తు బండికి శత్రువు కాదని అవి నిత్యము ఋజువు చేయుచున్నవి.

ఇక అడ్డంకులు చూతము. భారీ లారీ బ్యాటరీ 300 యూనిట్లదైనచో మాలులోని 60 కిలోవాట్ల యంత్రము దానిని నింపుటకు ఐదు గంటలు పట్టును. 240 కిలోవాట్ల యంత్రమునకు గంటంబావు చాలును; గాని ఆ యంత్ర మొక్కటే ఇన్నూట నలుబది యిండ్లు ఒక్కొక్క కిలోవాటు చొప్పున ఒక్కసారి వాడుకొన్నంత బరువును తీగెలపై మోపును. అట్టివి నాలుగు నిలుపవలెనన్న ట్రాన్స్‌ఫార్మరు, లైను ముందుగా రావలెను. షాపింగు మాలుకు ఆ లైను ముందే కలదు. సాలూరు బైపాసుకు దానిని ఎవరో తెచ్చి యియ్యవలెను. ఆ భారము లారీ యజమానిపై పడకుండుట న్యాయము.

రెండవ అడ్డంకి వెల. విద్యుత్తు లారీ వెల డీసెలు లారీకి రెండు మూడు రెట్లు. 2024 అక్టోబరులో మొదలైన పీ.ఎం. ఈ-డ్రైవ్ పథకమున మొత్తము 10,900 కోట్ల రూపాయలలో విద్యుత్తు లారీలకు 500 కోట్లు, చార్జింగు కేంద్రములకు 2,000 కోట్లు కేటాయింపబడినవి. 2025 జూలైలో ప్రకటించిన నిబంధనల ప్రకారము ఒక్కొక్క లారీకి గరిష్ఠముగా 9 లక్షల 60 వేల రూపాయలు లభించును. అయితే పాత లారీని తుక్కు చేసిన ధ్రువపత్రము చూపవలెను. నూరు లారీల కంపెనీకి ఇది సులభము. ఒక్క లారీనే ఫైనాన్సుపై కొని దానిని తానే తోలుకొను సాలూరు యజమాని, ఉన్న బండిని తుక్కుచేసి క్రొత్తదానికి మిగిలిన సొమ్ము ఎచటనుండి తెచ్చును? సహకార సంఘముల ద్వారా ఋణమో, లారీని కొనక నెలసరి అద్దెకు పొందు ఏర్పాటో లేనియెడల, చార్జింగు కేంద్రము వచ్చిన నాడు అందు ఆగెడి లారీలు పరాయి కంపెనీలవి యగును. సాలూరు వారు వానికి కాపలాదారులగుదురు.

మూడవది పనివారి గతి. విద్యుత్తు లారీకి టైర్లు, స్ప్రింగులు, బాడీ, రంగు అన్నియు కావలెను. కాని డీసెలు పంపు, క్లచ్చి, సైలెన్సరు దానికి లేవు. ఆ పనులలో చేయి తిరిగిన మెకానికు నలుబదవ యేట క్రొత్త విద్య నేర్వవలెను. అధిక ఓల్టేజి తీగెలతో పని కావున చూచి నేర్చుకొనుట చాలదు, ప్రాణాపాయము కలదు. ఈ ప్రాంతపు ఐ.టి.ఐ.లలో అందులకు సాయంకాలపు తరగతులు చార్జింగు యంత్రముకంటె ముందుగా రావలెను.

చివరి మాట అన్నిటికంటె పెద్దది. ఈ విద్యుత్తు వచ్చుట ఎచటనుండి? నేడు దేశమున అధికభాగము బొగ్గునుండియే. లారీ విడువని పొగను పరవాడలోని సింహాద్రి వంటి కేంద్రముల గొట్టము విడుచును. సూర్యరశ్మి, గాలి, నీరు దాని స్థానమును పొందినకొలది బండి నిజముగా శుభ్రమగును. ఆ నీటికై చూపులన్నియు మరల ఈ కొండలపైననే పడుచున్నవి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము వెలిగినపుడు మైదానపు పట్టణములు కాంతినొందినవి. ఆ జలాశయమునకై ఇల్లు విడిచిన గిరిజనుల సంతతిలో ఎందరికో ఆ వెలుగు ఆలస్యముగనే అందినది. 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఈ జిల్లాలో కురుకుట్టి వద్ద 1,200 మెగావాట్ల, కర్రివలస వద్ద 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకములను ఆమోదించినది. మధ్యాహ్నపు సౌరవిద్యుత్తుతో నీటిని ఎగువకు తోడి, సాయంకాలము దిగువకు విడిచి విద్యుత్తు తీయుట వాని పద్ధతి. రాత్రి చార్జింగునకు నిలిచెడి లారీకి అట్టి నిల్వయే ఆధారము. కాని 1996 నాటి పెసా చట్టము గ్రామసభకిచ్చిన హక్కును, 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో గిరిజన భూమిని గూర్చి చెప్పిన నీతిని మరచి కొండను అడుగకయే కొండ నీటిని కొనిపోయినచో, మాచ్‌ఖండ్ పాఠము మనకు ఒంటబట్టలేదన్న మాట. రోగిని డోలీలో మోసికొని దిగెడి గూడెములు ఈ ఘాటు ప్రక్కన నేటికిని కలవు. వారి కొండ శక్తితో నడిచెడి బండి వారి గూడెమునకు కూడ పోవలెననుట అత్యాశ కాదు.

కావున సాలూరు కోరదగినది రిబ్బను కత్తిరింపు మాత్రమే కాదు. ఘాటు దిగువున భారీ వాహనములకు తగిన కేంద్రము కావలెను. అందు డ్రైవరునకు నిద్రించు గది, స్నానపు నీరు, చవుక భోజనము ఉండవలెను. అచటనే అంబులెన్సుకును, గిరిజన గ్రామములకు పోవు ఆటోకును ఒక చోటు కేటాయింపవలెను. చిన్న యజమానికి ఋణము, మెకానికుకు చదువు, గ్రామసభకు తన మాట చెప్పు అధికారము దానితో పాటు రావలెను.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో పిల్లలచే వేయింతురు గాక. ముప్పది టన్నులు, ఏడు వందల మీటర్లు, ఏబది యేడు యూనిట్లు: ఇది పాఠ్యపుస్తకములోని సమస్య కాదు, ఈ ఊరి తండ్రులు రాత్రివేళ తోలుచున్న బండి కథ. దానిని అర్థము చేసికొన్న బాలుడు రేపు చార్జింగు కేంద్రమున కాపలాదారుగా గాక, దానిని నడుపు ఇంజనీరుగా నిలుచుటకు తగినవాడగును.