వీధిలో కేకలు

మొన్న మా వీధిలోకి ఒక ఆటోబండి వచ్చింది. దానికి కట్టిన స్పీకరు ఉల్లిగడ్డల ధరను ఊపిరి తీసుకోకుండా చెబుతున్నది. బేరానికి వెళ్ళిన ఆడవాళ్ళు తమ మాట వినబడక వేళ్ళతో లెక్క చూపిస్తున్నారు. మాకు నవ్వు వచ్చింది. వెంటనే బీదరులో మా చిన్ననాటి కేకలు జ్ఞాపకం వచ్చాయి.

చౌబారా బురుజు చుట్టుపట్ల వీధుల్లో తెల్లవారితే నాలుగు భాషలు వినబడేవి. ఒకే గంపలోని వంకాయ ఒక గుమ్మం ముందు బదనెకాయి, పక్క గుమ్మం ముందు బైంగన్, ఆపై ఇంటిదగ్గర వాంగీ అయ్యేది. మా గుమ్మం దగ్గరకు వచ్చేసరికి వంకాయే! 1956 నవంబరు 1న మా జిల్లా హైదరాబాదు రాష్ట్రాన్ని విడిచి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గంపలవారు మాత్రం ఏ భాషనూ విడిచిపెట్టలేదు.

పూలామె “హూవా” అని కేక వేస్తే, పాపం ఆమెకు ‘ప’ పలకదు కాబోలు అనుకొనేవాళ్ళం. పాలను ‘హాలు’ అంటే మరీ నవ్వేవాళ్ళం. పాత కన్నడంలో ఆ మాటలూ మనవాటివలెనే పకారంతో ఉండేవనీ, తరువాత హకారమయ్యాయనీ పెద్దయ్యాక గాని తెలియలేదు.

కళాయి అతను వస్తే ఆనాడు మాకు బడి లేనట్టే. ఇత్తడి గిన్నెను నిప్పుల మీద కాచి, నవాసాగరం చల్లి, తగరం రుద్దేవాడు. గుప్పున పొగ లేచి గిన్నె వెండిలా మెరిసేది. అదే నవాసాగరాన్ని మన ఊరి బిదిరీ పనివారు కోటమట్టిలో కలిపి పాత్రకు పట్టిస్తే, పాత్ర నల్లబడి, పొదిగిన వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. స్టీలు గిన్నెలు వచ్చాక కళాయి కేక అరుదైపోయింది.

అన్నిటికంటె మాకు మరపురానిది బఠానీల ముసలాయన కేక. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి గదా. లెక్కకు అణా అంటే ఆరుంబావు పైసలు. పావు పైసా ఎవరిస్తారు? అణా పొట్లానికి 6 పైసలు తీసుకొనేవాడు. నాలుగు పొట్లాలు ఒకేసారి కొంటే 25 ఇవ్వాలి. మేము నలుగురం అన్నదమ్ములం విడివిడిగా వెళ్ళి పైసా మిగుల్చుకొని, మా అంత తెలివైనవాళ్ళు లేరనుకొన్నాము.

నాలుగైదు రోజులకు అమ్మకు తెలిసింది. “పొద్దస్తమానం అరిచి గొంతు పోగొట్టుకొనే మనిషి దగ్గరనా మీ లెక్కలు!” అని, మిగిలిన పైసలన్నీ మా చేతనే పంపింది. తల వంచుకొని వెళ్ళి ఇచ్చాము. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకొని చూసి, “మొదటి రోజే తెలుసు బేటా” అన్నాడు. మాపై కోపగించుకొన్నా బాగుండేది. మర్నాడు ఆ కేక దూరాన వినబడగానే నలుగురం తలుపు వెనుక దాక్కొన్నాము.

మా గుమ్మం ముందు కేక ఆగింది. బఠానీలనలేదు. మా నలుగురినీ వరుసగా పేర్లు పెట్టి పిలిచాడు. ఆయన ఉరుదూలో మా పేర్లు కొంచెం వంకరపోయాయి.