తిరిగే చక్రం వెనక లెక్క

ఇస్నాపూర్‌ల షిఫ్టు ఇడిసే టైముకు రోడ్డు మీద నిలబడి చూడున్రి. ఒక్కసారే జనం మీదపడ్తరు, షేర్ ఆటోలు చాలయి. గంటయినంక పోతే అవే ఆటోలు ఖాళీగ ఉంటయి. రద్దీకి సరిపోయేటన్ని ఆటోలు దినమంత తిప్పితే డీజిల్ దండుగ. తిప్పకపోతే నిలబడేది కార్మికుడు.

ఓటీటీల లెక్క కూడ గిదే. మ్యాచ్ పెట్టంగనే చక్రం తిరుగుతుంటే మనం ఫోన్‌ను తిడ్తం, సిగ్నల్‌ను తిడ్తం. కొన్నిసార్లు తప్పు వాటిదే. కొన్నిసార్లు మాత్రం, ఎన్ని సర్వర్లు పెట్టాలె అని కంపెనీ వేసుకున్న లెక్కది.

సర్వర్లు వాడినంతసేపు కిరాయి నడుస్తది. ఎక్కువ పెడితే ఖాళీగున్నా బిల్లు పడ్తది, తక్కువ పెడితే జనం ఆగుతరు. అప్పటికప్పుడు పెంచుదామంటే, కొత్త సర్వర్ తయారయ్యేతందుకు నిమిషాలు కావాలె. జనమేమో సెకన్లల్ల వస్తరు.

2019 జులై 10న న్యూజిలాండ్‌తోని ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌ల ఒకే టైముకు 2.53 కోట్ల మంది చూసిన్రు. ధోనీ రనౌట్ కాంగనే జనం గుంపులు గుంపులుగ బయటికొచ్చిన్రు. అట్ల బ్యాక్ నొక్కినోళ్లంత హోమ్ పేజీ మీద పడ్తరు, అక్కడ కొత్త తొక్కులాట. ముందుగాల్నే సర్వర్లు పెంచి పెట్టుకున్నోళ్లే దాన్ని తట్టుకుంటరు. 2022 డిసెంబర్ 29 రాత్రి ప్రభాస్ వచ్చిన ‘అన్‌స్టాపబుల్’ ఎపిసోడ్‌కు ఆహా యాప్ ఆగిపోయింది. పిలిచిన పెండ్లిల, బంతికి కూసున్నంక అన్నం తక్కువ పడ్డట్టయింది.

మధ్యల తొవ్వలు లేకపోలేదు. రద్దీ ఉన్నప్పుడు బొమ్మను జర మసకచేసి ఆగకుండ నడపొచ్చు. అందరు చూసే సినిమా కాపీలను ముందే దగ్గరి సర్వర్లల్ల పెట్టొచ్చు.

పాశమైలారంల పన్నెండు గంటలు పనిచేసే పిలగానికి అన్నం తినేటప్పుడు అరగంట దొరుకుతది. అండ్ల పది నిమిషాలు చక్రం చూసుడే అయితే, కంపెనీ మిగిలించుకున్న సర్వర్ కిరాయిని గా పిలగాడు తన టైముతోని కట్టినట్టే.

ఖర్చు తగ్గించుకోవద్దని అంటలేను. టైము చెప్పి పిలిచిన ప్రోగ్రాంకు సర్వర్లు ముందే పెంచాలె. ఆగిపోతే ఎంతసేపో చెప్పాలె. పైసలు కట్టినోళ్లకు పోయిన రోజును కలిపియ్యాలె. ఇయ్యకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది, ఫిర్యాదు చేయున్రి. ఊకె ఫోన్‌ను కొడితే ఏమొస్తది?