గుంతకు కాదు, యూనిట్‌కు డబ్బివ్వండి

పేడతో కరెంటు అనగానే వచ్చినవాళ్లు ముందు అడిగేది ట్యాంకు ఎన్ని ఘనపు మీటర్లని. ఎన్నేళ్లు నడిచిందని అడిగినవాళ్లను నేను చూడలేదు. గుంత కట్టి ఫొటో తీయగానే రాయితీ అందుతుంది, ఇక దాని మంచీచెడూ ఎవరికీ పట్టవు. ప్రకాశం జిల్లాలో మా చుట్టుపక్కల డోము పగిలి, పిచ్చిచెట్లు మొలిచిన గోబర్ గ్యాస్ గుంతలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గేదె రోజుకు 10 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఘనపు మీటరు గ్యాస్‌తో చిన్న ఇంజను ఒకటిన్నర యూనిట్ కరెంటు ఇస్తుంది. మా కొట్టంలోలా ఇరవై గేదెలుంటే రోజుకు 15 యూనిట్లు. గడ్డి కోసే మెషిన్‌కూ, పాలు పితికే మెషిన్‌కూ, లైట్లకూ అది చాలు. రెండు గేదెలున్న ఇంటికి మాత్రం వంటగ్యాసే మేలు, కరెంటు జోలికి పోవద్దనే చెబుతాను.

కర్ణాటకలో తుమకూరు జిల్లా పుర గ్రామం సంగతి మనవాళ్లు తెలుసుకోవాలి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అమూల్య రెడ్డి బృందం అక్కడ మొదట వంటగ్యాస్ ఇద్దామనుకుంది. ఊరి పేడంతా కలిపినా అన్ని పొయ్యిలకూ చాలలేదు. అప్పుడు దారి మార్చి, 1987 నుంచి అదే గ్యాస్‌కు కాస్త డీజిల్ కలిపి 5 కిలోవాట్ల జనరేటర్ తిప్పారు. బోరు నీళ్లు కుళాయిలకెక్కాయి, ఇళ్లలో దీపాలు వెలిగాయి. పేడ తెచ్చినవాళ్లకు కిలోకు 2 పైసలిచ్చి, గ్యాస్ తీశాక మిగిలిన ఎరువు కూడా వాళ్లకే తిరిగిచ్చేవారు. పేడ ఇస్తే చేనుకు ఎరువు ఉండదేమోనన్న రైతు భయం దాంతో పోయింది. ప్లాంటు నడిపింది ఊరి కుర్రాళ్లే. అందుకే అది ఏళ్ల తరబడి ఆడింది.

మన గుంతలు ఆగేది చాలాసార్లు చిన్నపాటి పనుల దగ్గర. ఈ గ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. దాన్ని తీయకుండా పంపితే ఇంజను ఆయిల్ పాడవుతుంది, బేరింగులు తినేస్తుంది. విరుగుడు మాత్రం లేత్ షాపులోనే దొరుకుతుంది. తుప్పుపట్టిన ఇనుప రజను గొట్టంలో నింపి గ్యాస్‌ను దానిగుండా పంపాలి. కొన్నాళ్లకు ఎర్రటి రజను నల్లబడుతుంది. బయటికి తీసి పలచగా పరిస్తే గాలికి మళ్లీ ఎర్రబారుతుంది. కుప్పపోస్తే మాత్రం వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఈ మాట చెప్పేవాడు పక్కన లేకనే ఇంజన్లు మూలపడుతున్నాయి.

ప్రభుత్వాన్ని నేను కోరేది ఒకటే. కట్టుబడికిచ్చే రాయితీలో సగం ఆపండి. ఆ సగాన్ని మీటరు చూసి, వచ్చిన ప్రతి యూనిట్‌కూ ఇంతని ఐదేళ్లపాటు రైతు ఖాతాలో వేయండి. మండలానికి ఇద్దరు మోటారు మెకానిక్‌లకు ఈ రజను మార్చడం, ఇంజను ఆయిల్ చూడడం నేర్పి, వాళ్ల జీతం కూడా ఆ పద్దులోంచే ఇవ్వండి.