ప్రాజెక్టు కొనుక్కోవద్దు, చేద్దాం

ఇంజనీరింగ్ చివరి సంవత్సరానికి వచ్చిన మన హాస్టల్ అన్నల్ని, అక్కల్ని గమనించండి. "ప్రాజెక్టు ఎక్కడ తీసుకుంటున్నావ్?" అని ఒకర్నొకరు అడుగుతుంటారు. 'ఏం చేస్తున్నావ్' అని కాదు, 'ఎక్కడ తీసుకుంటున్నావ్' అని! కోచింగ్ సెంటర్లున్న వీధుల్లో గోడల నిండా అవే కాగితాలు. రిపోర్టుతో సహా ఇస్తారట, వైవాకు శిక్షణ ఉచితమట. ఎం.టెక్.కు వచ్చినా ఇదే తంతు. ఈ బేరం అందరికీ నష్టమే గానీ, మనకు మరీ నష్టం. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే. మా నాన్న ఇప్పటికీ బ్యాంకులో వేలిముద్రే వేస్తాడు. మన సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని, గేట్ రాసి, ఈ ఏడాదే బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. ప్రాజెక్టు పూర్తి చేశాను. కాబట్టి కొనుక్కునేవాళ్ళను బద్ధకస్తులని నేను అనను. గైడ్ సార్‌కు తీరిక ఉండదు. సాయంత్రమైతే ల్యాబ్‌కు తాళం పడుతుంది. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంగ్లీషులో రిపోర్టు రాయాలంటే గుండె దడ. తోటివాళ్ళకు ఇంజనీరు బాబాయిలు, డాక్టరు పెద్దమ్మలు ఉంటారు, మనకెవరున్నారు? ఇలాంటప్పుడు "డబ్బు కట్టు, వారంలో చేతిలో పెడతాం" అనే మాట తియ్యగానే ఉంటుంది. అయినా వద్దంటున్నాను. ఎందుకో నా సబ్జెక్టులోంచే ఒక ఉదాహరణతో చెబుతాను.

కరోనా రోజుల్లో వేలికి తగిలించి చూసిన పల్స్ ఆక్సీమీటర్ అందరికీ గుర్తుండే ఉంటుంది. దాని సూత్రాన్ని 1970ల తొలినాళ్ళలో జపాన్ ఇంజనీరు తకువో అయొయాగి కనిపెట్టారు. వేలి గుండా ఎరుపు కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని పంపిస్తారు. ఆక్సిజన్ ఉన్న రక్తం పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఈ రెండు కాంతుల్లో వచ్చే మార్పుల నిష్పత్తిని పరికరం లెక్కగడుతుంది. మరి ఆ నిష్పత్తి నుంచి 97 అనే అంకె ఎలా వస్తుంది? ముందుగా కొంతమంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించి, వాళ్ళ రక్త నమూనాలతో పోల్చి తయారు చేసుకున్న పట్టిక నుంచి. అంటే తెరమీద కనబడే ప్రతి అంకె వెనకా ఆ కొంతమంది వేళ్ళున్నాయి.

ఎవరా కొంతమంది? అమెరికాలో ఎఫ్.డి.ఎ. 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పదిమంది ఉంటే చాలు. వారిలో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళు ఇద్దరు లేదా 15 శాతం, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలి. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తమ లెక్కలు ప్రకటించారు. పరికరం 92 నుంచి 96 శాతం వరకు చూపిస్తున్నప్పుడు రక్తపరీక్షలో నిజానికి 88 కంటే తక్కువగా తేలినవి తెల్లవారి కొలతల్లో 3.6 శాతం, నల్లవారి కొలతల్లో 11.7 శాతం. పరికరం "బాగానే ఉంది" అంటుంటే మనిషికి ఊపిరి అందడం లేదన్నమాట! చివరికి 2025 జనవరిలో ఎఫ్.డి.ఎ. రకరకాల చర్మపు రంగులవారిని ఇంకా ఎక్కువమందిని పరీక్షించాలంటూ కొత్త ముసాయిదా తెచ్చింది.

ఎండకు కమిలిన చర్మం, పార పట్టి కాయలు కాసిన వేళ్ళు మన ఇళ్ళల్లోవే కదా. ఆ పట్టికలు తయారైన గదుల్లో అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన ఇంజనీరు ఉంటే ఈ ప్రశ్నకు ఇంతకాలం పట్టేదా?

నా ప్రాజెక్టు చాలా చిన్నది. వేలు చల్లబడినా, కదిలినా, సిగ్నల్ బలహీనపడినా పరికరం ఏదో ఒక అంకె చూపించి ఊరుకోకుండా "మళ్ళీ చూడండి" అని చెప్పేలా ప్రోగ్రాం రాశాను. సెన్సరు, బోర్డు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే. ఇది ప్రపంచాన్ని మార్చదు. కానీ అందులో ప్రతి లైనూ ఎందుకు రాశానో నాకు తెలుసు. మనుషుల వేళ్ళ మీద కొలతలు తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. దానికి నెలలు పట్టింది. విసుగొచ్చిన మాట నిజమే. కానీ ఆ కాగితం విలువ హాస్టల్ పిల్లలకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్.పి.వి. టీకా ప్రాజెక్టు నడిచింది. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. తర్వాత విచారణలో 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కన్నవాళ్ళకు విషయం చెప్పి, వాళ్ళ మాట అడిగారా అన్నదే ప్రశ్న. నేను కొలతలు తీసుకున్న ప్రతి మనిషికీ అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించాను. "వద్దు" అన్నవాళ్ళకు దండం పెట్టి వచ్చేశాను. కొన్న ప్రాజెక్టులో ఈ పాఠం దొరకదు. ఇంతకాలం మనం పరీక్షలకు గురయ్యేవాళ్ళం. ఇప్పుడు పరీక్ష చేసే వైపుకు వస్తున్నాం. అక్కడికి వచ్చి కూడా ఎవరో చేసినదాని మీద మన పేరు వేసుకుంటే వచ్చి ఏం లాభం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పెద్ద టైటిల్ కోసం వెతకొద్దు. మీ ఊరి పి.హెచ్.సి.లో మూలపడిన పరికరం ఏదో, ఎందుకు మూలపడిందో అక్కడి నర్సమ్మను అడగండి. ప్రాజెక్టు అక్కడే దొరుకుతుంది. మొదటి సెమిస్టర్ నుంచే నోటు పుస్తకం పెట్టి, రోజూ ఏం చేశారో తెలుగులోనైనా సరే రాసుకోండి. రిపోర్టు దానంతటదే తయారవుతుంది. అనుమతుల కాగితాలు ముందే పెట్టుకోండి. పనిచేయలేదని భయపడొద్దు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం చేసిన గుండె కవాటం మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోదాన్ని 1990లో మనిషి గుండెకు అమర్చారు. బాబాసాహెబ్ అంతటివారే లండన్‌లో పరీక్షకులు అభ్యంతరం చెబితే తన సిద్ధాంత వ్యాసాన్ని సవరించి ఇచ్చి, 1923లో డి.ఎస్సీ. అందుకున్నారు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ప్రతి వార్షికోత్సవానికీ మీరు ఫ్యాన్లు, నీళ్ళ ట్యాంకులు, ప్లేట్లు ఇస్తున్నారు. సంతోషం. ఈసారి ఒక బీరువా ఇవ్వండి. అందులో రెండు మల్టీమీటర్లు, నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, కొన్ని బోర్డులు, ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే చాలు. అంతకంటే ముఖ్యంగా నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. పిల్లల ప్రాజెక్టును వాళ్ళ నోటితో తెలుగులో చెప్పించండి, ప్రశ్నలు వేయండి. తెలుగులో చెప్పగలిగినవాడికి ఇంగ్లీషు మాటలు తర్వాత దొరుకుతాయి. మనకు ఇంజనీరు బాబాయిలు లేరన్నాను కదా, ఆ బాబాయిలు మీరే కావాలి.

వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ అడిగేది చివరికి ఒకే ప్రశ్న: "ఇది ఇలాగే ఎందుకు చేశావ్?" కొన్నవాడి దగ్గర దానికి బట్టీ పట్టిన జవాబే ఉంటుంది, రెండో ప్రశ్నకు అదీ ఉండదు. చేసినవాడు తడబడుతూనైనా నిజం చెబుతాడు. మన ముందు తరం ఏం రాసి ఉందో తెలియని కాగితాల మీద వేలిముద్రలు వేసింది. మన పేరున్న మొదటి పుస్తకంలోనైనా, అది ప్రాజెక్టు రిపోర్టే కానివ్వండి, ఏం రాసి ఉందో మనకు తెలియాలి.

జై భీమ్!

– పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (బయోమెడికల్)