కల్లు దుకాణానికి యజమాని ఎవరు?

మద్యం గురించి మనకు రెండే చర్చలు తెలుసు: ఖజానా ఆదాయం, కుటుంబాల పతనం. దుకాణం ఎవరి చేతిలో ఉందన్నది కులానికి సంబంధించిన మూడో ప్రశ్న. దాన్ని మర్యాదగా దాటవేస్తాం. తిరుమలాయపాలెం నుంచి భద్రాచలం అడవుల దాకా కల్లు దుకాణం చరిత్రంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

నిజాం రాజ్యంలో చెట్టెక్కినవాడు గౌడు. చెట్టు మీద అధికారం ఆబ్కారీ శాఖది. దుకాణం హర్రాజులో పాడుకున్న గుత్తేదారుది. మోకు, ముస్తాదు, ప్రాణభయం గీత కార్మికుడి వంతు. లాభం గుత్తేదారు వంతు. ఆ దుకాణంలోనూ దళితుడు దూరంగా కూర్చోవాలి, వేరే ముంతలో తాగాలి. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత ఇదే.

1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలం ప్రాంతానిదీ ఇదే కథ. ఆదివాసికి కల్లు సరుకు కాదు, ఆహారం, ఆచారం. బ్రిటిష్ ఆబ్కారీ విధానం దానిపై ‘చిగురు పన్ను’ భారం మోపింది. 1879లో రంప తిరగబడింది. ఆ నిప్పు భద్రాచలం తాలూకా రేకపల్లికీ పాకింది.

దూబగుంట మహిళల పోరాటం 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. 1997లో నిషేధం సడలింది. తర్వాత వెలిసిన వైన్ షాపులు చెట్టుతో పనిలేని పెట్టుబడికే దక్కాయి.

2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. దీన్ని నేను స్వాగతిస్తాను. కానీ 2025లో ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 3 లక్షల రూపాయలు. లాటరీలో పేరు రాకపోతే అదీ పోయినట్టే. రోజూ తాడెక్కే మనిషి ఆ పందెం కాయగలడా? కాయలేని చోట లైసెన్సు మీద పేరు అతనిది, గల్లాపెట్టె మరొకరిది అయ్యే ప్రమాదం ఉంది. పెట్టుబడి లేని రిజర్వేషన్ పాత గుత్తేదారుకు కొత్త ముసుగవుతుంది.

అందుకే రిజర్వుడు దుకాణాలకు రుసుము నామమాత్రం చేయాలి. గీత సహకార సంఘాలకూ దరఖాస్తు హక్కు, బ్యాంకు రుణం కల్పించాలి. ఏజెన్సీలో 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభకూ ఇచ్చింది. దుకాణం ఎవరికివ్వాలన్న ప్రశ్న కంటే ముందు అసలు ఉండాలా అన్నది అక్కడ గ్రామసభే తేల్చాలి.

సామాజిక న్యాయాన్ని లైసెన్సు కాగితం మీది పేరుతో కొలవలేం. సాయంత్రం లెక్క చూసుకునేది ఎవరో అడిగితేనే అది తెలుస్తుంది.